పో అంటే అండీ

2006 జూన్‌లో రాజమండ్రి తాడితోట బట్టల మార్కెట్‌లో తెల్లగుడ్డ కొని, ఎనిమిది చొక్కాలకి కొలతలిస్తుంటే టైలర్ గారు టేపు మెడలో వేసుకుని నన్ను ఎగాదిగా చూసి "ఏం బాబూ, హోటల్లో ఉద్యోగమా?" అన్నారు. పక్కనుంచి మా అమ్మ "కాదండీ, దేవుడి పని మీద ఫిలిప్పీన్స్ వెళ్తున్నాడు, రెండేళ్లు" అంది. ఆయన ఇంకేం అడగలేదు, కాలర్ సైజు రాసుకున్నారు. నిజం చెప్పాలంటే ఆ దేవుడి పని ఏంటో నాకూ అప్పటికి పూర్తిగా తెలీదు. 19 ఏళ్లు, డిగ్రీ మొదటి సంవత్సరం తర్వాత ఆపేశాను, అంతకుముందు హైదరాబాద్ దాటి వెళ్లిందే లేదు.

మేం మోర్మన్లం. చర్చి అసలు పేరు "యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘము". 2018 నుంచి మోర్మన్ అనొద్దు, పూర్తి పేరే వాడండి అని మా పెద్దలు చెబుతున్నారు గానీ, పూర్తి పేరు చెప్పినా జనం "అంటే?" అనే అడుగుతారు, మోర్మన్ అన్నా "అంటే?" అనే అడుగుతారు, ఎలాగూ అడిగేటప్పుడు పొట్టిదే నయం. సమోవా దీవుల్లో ఉద్యోగం చేస్తున్న ధర్మరాజు గారనే తెలుగాయన భార్యతో కలిసి 1978 చివర్లో హైదరాబాద్ వచ్చి సొంత బంధువులకి ఈ చర్చి సంగతి చెప్పారు, 22 మంది చేరారు, ఆ కథ మా చర్చిలో అందరికీ తెలుసు. మా ఇంటికి మాత్రం చాలా ఏళ్ల తర్వాత ఇద్దరు తెల్లచొక్కాల కుర్రాళ్లు మండుటెండలో నడుచుకుంటూ వచ్చి మంచినీళ్లు అడిగారు. మా నాన్న నీళ్లిచ్చి కూర్చోబెట్టారు. అలా మొదలైంది.

మా చర్చిలో మగపిల్లలు రెండేళ్లు మిషన్ చేస్తారు, అంటే ఇల్లు వదిలి ఎక్కడికి పంపితే అక్కడికెళ్లి ఇల్లిల్లూ తిరిగి దేవుడి మాట చెబుతారు. అప్పట్లో 19 నిండాలి, 2012లో దాన్ని 18కి తగ్గించారు. ఎక్కడికి వెళ్లాలో మనం ఎంచుకోం. అప్పట్లో అమెరికాలో మా చర్చి కేంద్రం ఉన్న సాల్ట్ లేక్ సిటీ నుంచి కవరు వచ్చేది, అందులో ఏ దేశం ఉంటే అది. నా కవరులో "ఫిలిప్పీన్స్ నాగా మిషన్" అని ఉంది. మా నాన్న ఇంగ్లీషు కూడబలుక్కుని చదివి "నాగా అంటే నాగాలాండ్ కదరా, రైల్లో పోవచ్చేమో" అన్నారు. అట్లాస్ తీసి చూస్తే సముద్రం అవతల, లుజోన్ దీవికి తోకలా వేలాడే చోట ఉంది. బికోల్ అంటారు ఆ ప్రాంతాన్ని.

ఇంకో సంగతి, మిషన్‌లో మన పేరు పోతుంది. "ఎల్డర్" అని ముందు తగిలించి ఇంటిపేరుతో పిలుస్తారు. నల్ల ప్లాస్టిక్ బ్యాడ్జి మీద అదే రాసి ఉంటుంది. ఎల్డర్ అంటే పెద్ద. మా అమ్మమ్మకి ఇది చెబితే "మీసం సరిగ్గా మొలవలేదు, నువ్వు పెద్దా!" అని పొట్ట పట్టుకుని నవ్వింది.

ముందు మనీలాలో ట్రైనింగ్. గేటు దాటితే ఎదురుగా మా చర్చి టెంపుల్, గేటు లోపల అన్నీ తరగతి గదులు. పొద్దున్నుంచి రాత్రిదాకా తగాలోగ్ భాష. మొదటి రోజు టీచరమ్మ లోపలికి రాగానే ఏదో అని చివర "పో" అంది. ఇంకో వాక్యం, చివర మళ్లీ "పో". పిల్లాడెవడో లేచి "ఓపో" అన్నాడు. ఇదేంటి, వచ్చినావిడ అందర్నీ పొమ్మంటోంది, వీడేమో ఓ పో అంటున్నాడు! తీరా విషయమేంటంటే వాళ్ల "పో" అంటే మన "అండీ". పెద్దవాళ్లతో మాట్లాడితే ప్రతి వాక్యానికీ తగిలించాలి, లేకపోతే మర్యాద తెలీనివాడి కింద లెక్క. "ఓపో" అంటే "అవునండీ". మాది గోదావరి జిల్లా, పాలవాడితో మాట్లాడినా "ఆయ్, అలాగేనండి" అనే చోటు, కాబట్టి నాకు ఇది నేర్పక్కర్లేదు, నోరు తిరిగితే చాలు. నా బ్యాచ్‌లో ఉన్న అమెరికా కుర్రాళ్లు ఆ "పో"ని ఎక్కడ పెట్టాలో తెలీక చెమటలు కక్కేవాళ్లు. నాకు మాత్రం ఆ భాషలో తెలిసిన ముఖాలు కనబడేవి. ముఖాన్ని వాళ్లూ "ముఖా" అంటారు. ఆశ "ఆసా", కథ "కథా", ముత్యం "ముత్యా", గురువు "గురో". ఎప్పుడో ఏ ఓడల్లోనో వెళ్లినట్టున్నాయి.

ఆగస్టులో నాగా సిటీలో దిగాను. అక్కణ్నుంచి మొదలైంది అసలు జీవితం, అంటే ప్రతి రోజూ ఒకే రోజు.

6:30కి లేవాలి. వ్యాయామం, స్నానం, అన్నం (అవును, పొద్దున్నే అన్నం, వాళ్లు మూడు పూటలా అన్నమే తింటారు, ఆ ఒక్క విషయంలో నేను దేవుడికి రోజూ థాంక్స్ చెప్పుకున్నాను), 8 గంటలకి చదువు, ముందు ఎవరిది వాళ్లు, తర్వాత ఇద్దరూ కలిసి. 10కి బయటపడితే మళ్లీ రాత్రి 9 ప్రాంతంలో ఇంటికి. రేపు ఎవరి ఇంటికి ఎన్నింటికి అని డైరీలో రాసుకుని 10:30కి లైటు ఆర్పాలి. టీవీ లేదు, సినిమా లేదు, పేపరు లేదు, పాటలంటే చర్చి పాటలే, అమ్మాయిల ఊసు అసలే లేదు. అన్నిటికంటే విచిత్రం, ఒక్కడివే ఉండకూడదు. కంపానియన్ అని ఒకణ్ని జత చేస్తారు, స్నానాల గది తప్ప ఇంకెక్కడికెళ్లినా ఇద్దరూ కనుచూపు మేరలో ఉండాలి. కాడికి కట్టిన ఎద్దులు నయం, వాటిని రాత్రికైనా విప్పుతారు.

నా మొదటి కంపానియన్ సెబూ దీవి కుర్రాడు. కొత్తవాణ్ని తయారుచేసేవాణ్ని అక్కడ సరదాగా నాన్న అంటారు, "తాతాయ్" అని. ఆ లెక్కన నాకంటే ఏడాది పెద్దయిన ఆ బక్కపల్చటి కుర్రాడు నా నాన్న. తమాషా ఏంటంటే అతనికీ బికోల్ భాష రాదు, వాళ్ల సెబూ భాష వేరు. నాగాలో జనం తమలో తాము బికోల్ మాట్లాడుకుని మాతో తగాలోగ్‌లోకి వచ్చేవాళ్లు. బికోల్‌లో "పో" బదులు "తబీ" అంటారు. వారం తిరక్కుండానే అండీకి రెండు మాటలయ్యాయి నాకు.

అక్కడ తలుపు కొట్టే అలవాటు తక్కువ. గుమ్మం బయట నిలబడి "తావో పో!" అని కేకేయాలి. తావో అంటే మనిషి. "మనిషినండీ!" అని అర్థం. దెయ్యాన్ని కాదు, కుక్కని కాదు, మనిషినే వచ్చాను అన్నమాట. రోజుకి ఎన్నిసార్లు అరిచుంటానో, రెండేళ్లలో ఎన్ని వేలసార్లో. ఆ మాట అంటే నాకు ఇప్పటికీ ఇష్టం.

మొదటి వారంలోనే ఒక సారీ-సారీ కొట్టు ముందు నిలబడి అరిచాను. సారీ-సారీ అంటే మన కిరాణా బడ్డీ, ఇంటి ముందు గదికే ఇనుప జాలీ కొట్టి, జాలీకి షాంపూ సాచెట్లు దండల్లా వేలాడదీసి ఉంటుంది. "తావో పో!" అన్నాను. జాలీ వెనక లైటు ఠపీమని ఆరింది. మళ్లీ "తావో పో!" లోపల్నుంచి ఆడగొంతు: "వలాంగ్ తావో!" అంటే "మనుషులెవ్వరూ లేరు!" అని. నా నాన్న రోడ్డు మీదే కూలబడి నవ్వడం మొదలెట్టాడు. నాకేం అర్థం కాలేదు.

విషయం నా మొహంలో ఉంది. అక్కడ భారతీయుణ్ని "బుంబాయ్" అంటారు. బొంబాయి నుంచి వచ్చిన మాట, కానీ బొంబాయితో సంబంధం లేదు. ఆ దేశంలో ఎక్కువగా పంజాబీలు మోటార్ సైకిళ్ల మీద తిరుగుతూ వడ్డీకి డబ్బులిస్తారు, దాన్ని "ఫైవ్-సిక్స్" అంటారు, అయిదు తీసుకుంటే ఆరు కట్టాలి. బ్యాంకు గుమ్మం ఎక్కలేని చిన్న కొట్లవాళ్లకి, మార్కెట్లో చేపలమ్మే వాళ్లకి ఆ డబ్బే దిక్కు. దోమతెరలు, గొడుగులు కూడా వాయిదాల మీద ఇస్తారు, రోజూ వచ్చి వసూలు చేసుకుంటారు. అల్లరి చేసే పిల్లల్ని "బుంబాయ్ వచ్చి ఎత్తుకుపోతాడు" అని బెదిరిస్తారు, మన బూచాడిలాగా. అలాంటి ఊళ్లోకి నేను తెల్లచొక్కా, టై, చంకలో సంచి, చేతిలో డైరీ పెట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతున్నాను! నన్ను చూడగానే వీధికి వీధే తలుపులు మూసేసుకునేది. నేను కనబడగానే ఏడుపు లంకించుకున్న పిల్లలకి లెక్కలేదు. మా ఇంటిపేరు వాళ్ల నోరు తిరగదు, అందుకని చర్చిలో కూడా ముద్దుగా "ఎల్డర్ బుంబాయ్" అనేవాళ్లు. మొదట్లో గుచ్చుకునేది, ఒప్పుకోవాలి. కొన్ని రాత్రులు దుప్పటి మొహం మీదికి లాక్కుని ఇంటికెళ్లిపోదామనుకున్నాను.

అసలు సిసలు బుంబాయ్ ఒకాయన ఒకరోజు ఎదురుపడ్డారు. తలపాగా, మోటార్ సైకిలు, వెనక కట్టిన దోమతెరలు. నన్ను చూసి బండి ఆపి హిందీలో ఏదో అడిగారు. నా హిందీ టెన్త్ పాసయ్యే హిందీ. "సౌత్?" అన్నారు. తలూపాను. ఆయనకి ఇంగ్లీషు అంతంతమాత్రం, నాకు హిందీ అంతంతమాత్రం, చివరికి ఇద్దరు భారతీయులం నడిరోడ్డు మీద తగాలోగ్‌లో మాట్లాడుకున్నాం, అది కూడా ఆయన బికోల్ కలిపిన తగాలోగ్, నాది పుస్తకం తగాలోగ్. ఏం అమ్ముతున్నావని అడిగారు. ఏమీ అమ్మట్లేదండీ, దేవుడి మాట చెబుతున్నాం అన్నాను. వాయిదాలా అన్నారు. కాదు, ఊరికే. ఆయన కాసేపు ఆలోచించి, వీధి చివరి మూడిళ్లూ వేలితో చూపించి, "వాళ్లు సరిగ్గా కట్టరు, జాగ్రత్త" అని చెప్పి వెళ్లిపోయారు.

ఆ కొట్టు నానాయ్ (నానాయ్ అంటే అమ్మ, ఆ వయసు ఆడవాళ్లందర్నీ అలాగే పిలిచేవాళ్లం) అప్పటికి రెండు వారాల వాయిదాలు బాకీ అట. నేను కొత్త వసూళ్ల కుర్రాణ్నని అనుకుంది. అసలు విషయం తెలిశాక తలుపు తీసి, నవ్వి, నవ్వి, కళ్లు తుడుచుకుని రెండు రాయల్ ఆరెంజ్ సీసాలు ఇచ్చింది. జాలీకి లోపలివైపు అట్టముక్క మీద "ఈ రోజు అప్పు లేదు" అన్న అర్థమొచ్చేలా రాసుంది. మా వీధి కిరాణా కొట్లో "అప్పు రేపు" అని ఉంటుంది కదా, సరిగ్గా అదే. అట్ట కింద నోటుబుక్కు, బుక్కు నిండా అప్పులే. అది కూడా అదే.

ఆవిడ ఎప్పుడూ మా చర్చిలో చేరలేదు, చేరే ఉద్దేశమూ లేదు. పక్కా కేథలిక్కు. సెప్టెంబర్‌లో నాగా నదిలో పెన్యాఫ్రాన్సియా మాతని పడవ మీద ఊరేగిస్తారు, ఒడ్డంతా జనం, కొవ్వొత్తులు, "వివా లా వీర్హెన్" అని కేకలు, అచ్చం మన తెప్పోత్సవం. ఆ రోజు మమ్మల్ని ఇంట్లోనే ఉండమన్నారు, ఆ రద్దీలో మేం చేసేదేమీ లేదు గనక. నానాయ్ మర్నాడు మాకు వివరంగా అంతా చెప్పింది, మేం ఆవిడకి పాఠం చెప్పడానికి వెళ్తే ఆవిడే మాకు గంటసేపు చెప్పింది. ఇప్పుడు ఆలోచిస్తే మా మిషన్ పనిలో చాలా భాగం అంతే, మేం చెప్పింది తక్కువ, విన్నది ఎక్కువ.

తిండి సంగతి రాయకపోతే పాపం. ఫిలిప్పీన్స్ వంట చప్పగా ఉంటుందని మనీలాలో బెదిరించారు, కానీ బికోల్ వాళ్లు వేరు, ఆ దేశంలో కారానికి పేరుపడ్డ జనం వాళ్లు. చేమాకుల్ని కొబ్బరిపాలలో పచ్చిమిర్చి వేసి ఉడికిస్తారు, లాయింగ్ అంటారు, వేడన్నంలో కలుపుకుంటే ఏమని చెప్పను. పనసకాయని కూడా కొబ్బరిపాలతో వండుతారు. పనసపొట్టు కూరకి ఆవ పెట్టి ప్రాణం మీదికి తెచ్చుకునే ఊరివాణ్ని, మొదటిసారి తిన్నప్పుడు గొంతు పట్టేసింది. సినిగాంగ్ అని ఒకటుంది, చింతపండు పులుసే, పోపు ఒక్కటే లేదు. మునగాకు ప్రతి పెరట్లోనూ ఉంటుంది. పొద్దున్నే ఎండుచేప వేయిస్తే వీధంతా ఆ వాసనే, నా కంపానియన్లలో అమెరికావాళ్లు ముక్కు మూసుకునేవాళ్లు, నేను మాత్రం ఎవరింట్లోంచి వస్తోందా అని వాసన పట్టి చూసేవాణ్ని. బలూట్ అని పొదిగిన బాతుగుడ్డు ఉంటుంది, లోపల పిల్ల ఆకారం తెలుస్తుంటుంది. ఒక్కసారి తిన్నాను. దాని గురించి ఇంతకంటే రాయను.

ఎవరైనా తింటుంటే దారిన పోయేవాణ్ని కూడా "కాయిన్ పో" అంటారు, తినండి అని. మొహమాటానికే అంటారు చాలాసార్లు, కానీ వెళ్లి కూర్చుంటే నిజంగానే పెడతారు, ఇంట్లో ఉన్న ఒక్క చేపా మన కంచంలోకే వస్తుంది. ఒకరోజు నేను స్పూను పక్కన పెట్టి చేత్తో కలుపుకుని తిన్నాను. ఇంటాయన ఆగి చూసి, "చేత్తో తింటారా మీ ఊళ్లో?" అని, తనూ స్పూను పక్కన పెట్టి, చేయి కడుక్కొచ్చి కూర్చున్నారు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో నేను బుంబాయ్‌ని కాను.

కాఫీ, టీ, మందు మాకు నిషేధం. మందు సంగతి సరే, టీ లేకుండా బతకడం మాత్రం మొదటి నెల నరకం. సాయంత్రాలు కొబ్బరిచెట్ల కింద మగవాళ్లు చుట్టూ కూర్చుని ఒకే ఒక్క గ్లాసుతో తాగుతారు, ఒకడు పోస్తాడు, గ్లాసు చుట్టూ తిరుగుతుంది. మేం కనబడితే "తగాయ్, బ్రదర్!" అని గ్లాసు చాపేవాళ్లు. వద్దంటే వదలరు, ఎందుకు వద్దో చెప్పమంటారు. మా మాట అంత శ్రద్ధగా విన్నవాళ్లు ఇంకెవరూ లేరు. తెల్లారితే ఒక్కడికీ గుర్తుండదు, అది వేరే సంగతి.

సోమవారం మాకు సెలవు. సెలవంటే బట్టలు ఉతకడం. బేసిన్‌లో నానబెట్టి, బ్రష్షుతో కాలరు రుద్ది రుద్ది, తాడితోట చొక్కాల కాలర్లు ఏడాదికల్లా చిరిగాయి. తర్వాత ఇంటర్నెట్ సెంటరు. చుట్టూ పిల్లలు తుపాకుల గేములాడుతూ అరుస్తుంటే మధ్యలో టై కట్టుకుని కూర్చుని ఇంటికి మెయిల్ రాయాలి. అర గంట. తెలుగు టైపు చెయ్యడం రాదు, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. నాన్న రాజమండ్రిలో నెట్ సెంటరుకెళ్లి ప్రింటు తీయించుకుని ఇంటికి తీసుకెళ్లి అమ్మకి చదివి వినిపించేవారు. ఆయన చదువుతుంటే "బాగున్నాను" అన్న ముక్క రెండుసార్లు చదివించుకునేదట. 2007లో క్రికెట్ వరల్డ్ కప్‌లో మనవాళ్లు బంగ్లాదేశ్ చేతిలో ఓడి మొదటి రౌండులోనే ఇంటికొచ్చారని తమ్ముడి మెయిల్‌లోనే తెలిసింది, ఆ ఏడుపు నేను తప్పించుకున్నాను, బాగానే ఉంది. కానీ అదే ఏడు సెప్టెంబర్‌లో ట్వంటీ20 కప్పు గెలిచిన సంగతి వారం తర్వాత చదివి, సెంటర్లో లేచి గట్టిగా అరిస్తే, పక్క సీట్లో కుర్రాడు గేములో తను గెలిచినందుకే అనుకుని నాతో చెయ్యి కలిపాడు.

ఇక రెమింగ్. 2006 నవంబర్ 30, గురువారం. రెమింగ్ అనేది వాళ్లు తుఫానుకి పెట్టుకున్న పేరు, బయటి దేశాల్లో దాన్నే దురియాన్ అన్నారు. ముందు రోజే ఇంట్లోంచి కదలొద్దని కబురొచ్చింది. నేను ఎవరూ చెప్పకుండానే బకెట్లన్నీ నింపాను, అగ్గిపెట్టెలు ప్లాస్టిక్ కవర్లో చుట్టాను, పుస్తకాలు అటక మీద పెట్టాను, పాస్‌పోర్టు చొక్కా లోపల దోపుకున్నాను. సెబూ నాన్న "నీకివన్నీ ఎవరు చెప్పారు?" అన్నాడు. 1996 నవంబర్ 6న నాకు తొమ్మిదేళ్లు. మా ఊరు అమలాపురం పక్కన. ఆ రాత్రి స్కూలు డాబాలో అమ్మ ఒళ్లో తల పెట్టుకుని ఆ చప్పుడు విన్నాను. గాలి ఊళ పెడుతుంది అంటారు, కాదు, రైలు మన మీంచి వెళ్తూ వెళ్తూ ఎప్పటికీ అయిపోకపోతే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. పదేళ్ల తర్వాత సముద్రానికి ఇవతల మళ్లీ అదే రైలు. రేకులు ఎగిరి రోడ్డు మీద పడుతున్న చప్పుడు, తలుపుకి మంచం అడ్డం పెట్టి ఇద్దరం వీపులు ఆనించి కూర్చున్నాం. అతను ప్రార్థన చేశాడు. నేను చెయ్యలేకపోయాను, నోరు రాలేదు, ఎల్డర్‌ని కదా, ఆ మాట అప్పుడు అతనికి చెప్పలేదు.

నాగా కాస్త తేరుకుంది. ఘోరం జరిగింది దక్షిణాన, మయోన్ అగ్నిపర్వతం కింద. ఆ ఏడాది జులై, ఆగస్టుల్లో అది బద్దలై బూడిద కక్కింది, ఆ బూడిదంతా వాలు మీద పేరుకుని ఉంది, రెమింగ్ వానకి అది బురదై బండరాళ్లతో సహా ఊళ్ల మీదికి దిగింది. చనిపోయినవాళ్లూ ఆచూకీ దొరకనివాళ్లూ కలిపి వెయ్యి దాటారు. డిసెంబర్‌లో నన్ను ఆ కొండ కిందున్న దరాగాకి పంపారు. 1814లో ఇదే కొండ పేలినప్పుడు పూడిపోయిన కగ్సావా చర్చి అక్కడే, గంటల గోపురం ఒక్కటే నేలమీద నిలబడి ఉంటుంది, టూరిస్టులు ఫొటోలు దిగుతారు. అప్పుడు చుట్టుపక్కల ఇళ్లు కూడా అలాగే, ఇసుకలోంచి పైకప్పులు మాత్రం కనబడుతున్నాయి.

ఆ నెల మేం ఎవరికీ పాఠం చెప్పలేదు. టైలు తీసేసి పార పట్టాం. పారని వాళ్లు "పాలా" అంటారు, నాకది విని నవ్వొచ్చింది, నవ్వే చోటు కాదది. ఒక ముసలాయన ఖాళీ ఇసుక మీద నిలబడి, ఇది వంటిల్లు, ఇది మా మంచం, ఇక్కడ పంది పాక అని కాలితో గీతలు గీసి చూపించారు. మేం వంటిల్లు నుంచి తవ్వాం. మధ్యాహ్నం కూర్చున్నప్పుడు కొబ్బరితోట వైపు చూశాను. మొవ్వులు మెలితిరిగి, మట్టలు ఒకే వైపుకి వాలి, తలలు తెగి మొండాలు నిలబడ్డట్టు. కోనసీమ. అచ్చంగా కోనసీమ, 1996. నేను చెప్పాను ఆయనకి, మా ఊళ్లోనూ ఇలాగే అయిందని. మళ్లీ కాపుకి ఎన్నేళ్లు పట్టిందని ఆయన అడిగారు. కొత్త మొక్కలు వేసినవాళ్లకి ఆరేడేళ్లు పట్టిందన్నాను. "మీ నాన్న వేశాడా?" లేదండీ, మా నాన్న తోట వదిలేసి రాజమండ్రి వెళ్లి కరెంటు పని నేర్చుకున్నారు అన్నాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత తన చేతులు చూసుకుని "నాకు అరవై ఎనిమిది" అన్నారు. మళ్లీ తవ్వడం మొదలెట్టాం.

ఇంటికి ఫోను ఏడాదికి రెండేసార్లు. క్రిస్మస్‌కి ఒకటి, మదర్స్ డేకి ఒకటి. 2019లో వారం వారం మాట్లాడుకోవచ్చన్నారు, ఆ వార్త విని సంతోషించానో కుళ్లుకున్నానో ఇప్పటికీ తేల్చుకోలేను. 2006 క్రిస్మస్‌కి దరాగాలో ఒక చర్చి సభ్యుడి ఇంటి నుంచి మాట్లాడాను. అమ్మకి తుఫాను సంగతి నాన్న చెప్పలేదట, నేనూ చెప్పలేదు. "అన్నం తింటున్నావా?" అంది. "ఓపో" అన్నాను. అలవాటైపోయింది, ఏం చెయ్యను. అవతల కాసేపు నిశ్శబ్దం. తర్వాత నాన్నతో అంటోంది, "ఏంటండీ వీడు, అన్నం తిన్నావా అంటే పో అంటున్నాడు!" నాకు నవ్వు, ఏడుపు ఒకేసారి వచ్చాయి. పో అంటే అండీ అమ్మా అని చెప్పేసరికి సగం టైము అయిపోయింది. మే నెలలో మళ్లీ చేస్తే "ఈ మదర్స్ డే ఏంట్రా, మనకెప్పుడూ లేదు కదా, ఇంకో పండగ ఏదన్నా చూసి దానికి కూడా చెయ్యి" అంది.

2007లో నా కంపానియన్ అమెరికాలో ఐడాహో నుంచి వచ్చిన ఆరడుగుల కుర్రాడు. వీధిలో వెళ్తుంటే పిల్లలు అతన్ని "హే జో!" అనీ నన్ను "బుంబాయ్!" అనీ అరిచేవాళ్లు, మధ్యలో ఏదో సర్కస్ వచ్చినట్టు కుక్కలు మొరిగేవి. ఒకాయన ఎప్పుడు వెళ్లినా కోడిపుంజుని ఒళ్లో పెట్టుకుని దువ్వుతూ "ఊఁ" కొట్టేవారు. ఆదివారం చర్చికి రమ్మంటే ఆదివారం సాబొంగ్ ఉందనేవారు. సాబొంగ్ అంటే కోడిపందెం, వాళ్లూ కాలికి కత్తి కట్టే ఆడిస్తారు. నేను ఉండబట్టలేక, ఆ పుంజుని మా వైపు డేగ అంటామనీ, తెల్లదాన్ని సేతువ అంటామనీ, ఏ రోజు ఏ రంగు గెలుస్తుందో చెప్పే కుక్కుట శాస్త్రం కూడా ఉందనీ చెప్పాను. ఆయన లేచి నిలబడ్డారు! గంటన్నర. కోళ్లన్నీ తెప్పించి చూపించారు, రంగు రంగుకీ తెలుగు పేరు అడిగి రాసుకున్నారు. ఐడాహో కుర్రాడు బైబిలు ఒళ్లో పెట్టుకుని మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూస్తున్నాడు. బయటికొచ్చాక "మీరిద్దరూ దేని గురించి అంతసేపు మాట్లాడుకున్నారు?" అన్నాడు. సంస్కృతి గురించి అన్నాను. అబద్ధం కాదు కదా.

మిగతా ఏడాది ఎలా గడిచిందో సరిగా చెప్పలేను, ఊళ్లు మారాను, కంపానియన్లు మారారు, చెప్పులు నాలుగు జతలు అరిగాయి. కొందరు చర్చిలో చేరారు, కొందరు చేరి మానేశారు. 2008 జులైలో చివరి రెండు రోజులు మళ్లీ నాగా వచ్చాను. సాయంత్రం ఆ సారీ-సారీ కొట్టు ముందు నిలబడి "తావో పో!" అన్నాను. లోపల్నుంచి "వలాంగ్ తావో!" అని వినబడింది, ఈసారి నవ్వుతూ. జాలీ అవతల నానాయ్, జుట్టు ఇంకాస్త నెరిసింది. పంజాబీ ఆయన బాకీ తీరిందా అంటే, తీరింది, మళ్లీ తీసుకున్నాను, ఫ్రిజ్ కొన్నాను చూడు అని చూపించింది. ఫ్రిజ్‌లోంచి చల్లటి రాయల్ రెండు, నాకూ నా కంపానియన్‌కీ, రెండు బన్నులు. చాలాసేపు కూర్చున్నాం. వెళ్తానంటే పిలీ పప్పులు (బాదంలాంటి అక్కడి గింజలు) పొట్లం కట్టి "మీ అమ్మకివ్వు" అంది. ఆవిడ చేతిని నా నుదుటికి ఆనించుకుని దండం పెట్టాను, పెద్దవాళ్లకి అక్కడ అలాగే పెడతారు.

రాత్రి మనీలా బస్సులో, ఊరు దాటి చాలా దూరం వచ్చాక, పొట్లం విప్పుతుంటే గుర్తొచ్చింది. ఆ రెండు రాయల్‌కీ బన్నులకీ డబ్బులివ్వలేదు. నేను లేచేటప్పుడు ఆవిడ నోటుబుక్కు తీసి ఏదో రాస్తుండగా చూశాను కూడా. "ఎల్డర్ బుంబాయ్" అని రాసుంటుంది.